చెప్పుల వరస

పోయిన వారం యూరియా లారీ వచ్చిందని తెలిసి, బెల్లంకొండలో సొసైటీ గోడౌన్ దగ్గరికి నాన్న బదులు నేను వెళ్లాను. ఆ రోజు మా కాలేజీకి సెలవు. నేను వెళ్లేసరికే గోడౌన్ తలుపు నుంచి రోడ్డు దాకా చెప్పులు బారు తీరి ఉన్నాయి. హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, ఎవరో మహానుభావుడు వదిలిన ఒంటి చెప్పు, దానికి తోడుగా ఒక ఇటుక ముక్క. మనుషులు మాత్రం ఎదురుగా టీ కొట్టు రేకుల కింద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. నేను కూడా చెప్పులు విడిచి చివర పెట్టాను. పెట్టి, వాటి వెనకే ఒట్టి కాళ్లతో ఎండలో నిలబడ్డాను.

రేకుల కింద నవ్వులు లేచాయి.

"ఏందమ్మాయ్, చెప్పులు నిలబడితే చాలదా? నువ్వు గూడా దేనికి? నీడకి రా" అన్నాడు మా వీధి పెద్దాయన.

నిజమే. చెప్పులు వరసలో పెట్టేదే మనిషి నీడన కూర్చోవటానికి. ఆ సంగతి నాకు తెలియక కాదు. నా కాళ్లకు వేరే అలవాటు పడింది. ఆ అలవాటు చేసినావిడ ఈ తొలకరిలోనే పోయింది.

నేను పరిశోధన చేసిన యూనివర్సిటీలో ఒక ఉమ్మడి ల్యాబ్ ఉండేది. బోర్డు మీద దాని పేరు రెండు వరసల ఇంగ్లీషు. మేం మాత్రం కామన్ ల్యాబ్ అనేవాళ్లం. ఏ ఒక్క డిపార్టుమెంటూ సొంతంగా కొనుక్కోలేని ఖరీదైన మిషన్లన్నీ అక్కడ ఉండేవి. బయోకెమిస్ట్రీ వాళ్లు, జువాలజీ వాళ్లు, బోటనీ వాళ్లు, అందరూ అక్కడికే రావాలి. ఆ ల్యాబ్‌కి సైంటిఫిక్ ఆఫీసరు ఆవిడ. మేడం అంటే యూనివర్సిటీలో చాలామంది ఉన్నారు గానీ, వేరే పేరు చెప్పకుండా "మేడం" అంటే ఆవిడే.

నరసరావుపేట మనిషి. వాళ్ల నాన్నకు అక్కడ మోటారు వైండింగ్ కొట్టు ఉండేదట. మేడం డాక్టరేట్ చేసింది, బయట దేశంలో కొన్నాళ్లు పని కూడా చేసి వచ్చింది, అయినా మాట మాత్రం పేట దాటి రాలేదు. వైస్ ఛాన్సలర్ ఫోన్ చేసినా "ఆఁ, ఏంది సార్" అనే మొదలుపెట్టేది. కంపెనీ ఇంజనీరుతో మాత్రం ఇంగ్లీషులో పోట్లాడేది. ఆ ఇంగ్లీషులో కూడా మధ్యమధ్య "అబ్బా" అని విసుక్కునేది.

మిషన్ గదిలోకి ఎవరూ చెప్పులతో పోకూడదు. మిషన్లకు దుమ్ము పడదు. లోపల ఏసీకి బండలు జిల్లుమంటుండేవి. మేడం చీర కింద మగవాళ్ల నల్ల సాక్సులు వేసుకునేది. అవి వాళ్లాయనవని మాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి ఆయన ల్యాబ్‌కి వచ్చి మా అందరి ముందే "నా సాక్సులన్నీ ఈడనే ఉన్నయ్యా" అన్నాడు. మేడం తలెత్తలేదు. టీ మాత్రం ఎప్పుడూ గది బయట వరండాలోనే, సగం సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. ఎవరి మీదైనా కోపం వస్తే గొంతు పెంచేది కాదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవటం మొదలుపెట్టేది. అద్దాలు ఎంతసేపు తుడిస్తే అంత కోపం అన్నమాట. అవి మళ్లీ ముక్కు మీదికి ఎక్కేలోపు మెల్లిగా జారుకోవటం తెలివైన వాళ్ల లక్షణం.

ఆ ల్యాబ్‌లో అందరికీ కావలసిన మిషను ఒకటుంది. దాన్ని ఫ్లో అనేవాళ్లం. రక్తంలోని కణాలను సన్నటి నీటిధారలో ఒకదాని వెనక ఒకటిగా నడిపించి, లేజర్ వెలుతురు ముందు నుంచి పోనిచ్చి, ఏది ఎలాంటి కణమో లెక్క తేలుస్తుంది. కణాలు ముద్దకట్టి గుంపుగా వస్తే సన్నటి దారి మూసుకుపోతుంది. అప్పుడిక ఆ రోజుకు అందరి పనీ ఆగినట్టే.

మొదట్లో దానికి కంప్యూటర్‌లో బుకింగ్ ఉండేది. నెల మొదట్లో సైటు తెరవగానే పెద్ద ప్రొఫెసర్ల శిష్యులు నెలంతా నింపేసేవాళ్లు. అవసరం ఉన్నా లేకపోయినా సరే. బస్సులో కర్చీఫ్ వేసినట్టు. తీరా ఆ రోజు వస్తే మనిషి రాడు, మిషను ఖాళీగా గుర్రుమంటూ ఉంటుంది, మేం బయట బిక్కమొహాలతో కూర్చుంటాం. కొన్నాళ్లు చూసి మేడం ఆ బుకింగ్ తీసిపారేసింది. "రేపటి నుంచి వరండాలో చెప్పుల వరస. ఎవరు ముందొస్తే వాళ్ల చెప్పులు ముందు" అంది.

"కాగితం మీద పేర్లు రాసుకుందాం మేడం" అన్నాం.

"పేరు ఎవుడైనా రాపిస్తాడు. కాళ్లు కాలేది మాత్రం ఎవుడివి వాడికే" అంది.

ఈ తెలివి ఎక్కడిదని అడిగితే ఒకసారి టీ తాగుతూ చెప్పింది. ఎండాకాలం వస్తే వాళ్ల నాన్న కొట్టు ముందు కాలిపోయిన బోరు మోటార్లు వరసగా ఉండేవట. పెద్ద కామందుల మోటారు వచ్చినా చివరే పెట్టించేవాడట. "మా నాయన ఒకటే మాట అనేవోడు. ఎవురి మోటారైనా కాలింది కాలినట్టే గదా, నీది ఎక్కువ కాలిందా అని." చెప్పి, సాసర్ నాలుగుసార్లు ఊది, మిగిలిన టీ తాగి లోపలికి పోయింది.

మొదటి వారంలోనే జువాలజీ ప్రొఫెసరు గారు దీనికి విరుగుడు కనిపెట్టారు. ఆయన పెద్ద ప్రాజెక్టుల మనిషి, మాట చెల్లే మనిషి. కొత్త తోలు చెప్పుల జత ఒకటి కొని శిష్యుడి చేత రోజూ పొద్దున్నే పంపేవారు. చెప్పులు వరసలో, ఆయన ఛాంబర్‌లో. మేడం మూడోనాడు వాటిని చూసింది. బొటనవేలితో కాస్త కదిలించి చూసింది.

"ఈ చెప్పుల కాళ్లు ఏడున్నయ్?"

"సార్ పంపించారు మేడం" అన్నాడు శిష్యుడు.

"పంపిస్తే వచ్చేది కొరియరు. వరసకి మనిషి రావాల."

అద్దాలు తుడవటం మొదలైంది. ఆ చెప్పుల జతను పాలిథిన్ కవర్‌లో వేసి నోటీసు బోర్డు మేకుకు తగిలించింది. కింద చీటీ మీద పెన్నుతో "కాళ్లు లేని చెప్పులు" అని రాసి అంటించింది. ఆ కవరు అక్కడ చాలాకాలం వేలాడింది, ఆయన అడగలేదు, ఆవిడ తియ్యలేదు. అప్పటి నుంచి కొత్త షరతు పుట్టింది. వరసలో చెప్పులున్న మనిషి ఒట్టి కాళ్లతో వరండాలోనే కనపడాలి. వరండాకు పరిచింది మన నాపరాళ్లు. పల్నాడు ఎండ, పైగా పడమటి వరండా. మధ్యాహ్నం దాటితే మేం ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడేవాళ్లం. ప్రొఫెసరు గారు కూడా చివరికి ప్యాంటు కాస్త పైకి మడిచి మాతో పాటే నిలబడ్డారు. ఆయన పాదాలు అంత తెల్లగా ఉంటాయని మేం అనుకోలేదు.

తోసుకుంటే తిట్టేది. "కణాలకున్న బుద్ధి లేదేందిరా మీకు? అయ్యి ఒకదాని ఎనక ఒకటి పోతన్నయ్ గదా!"

"మా మిషను" అని ఎవరైనా అంటే వదిలేది కాదు. "అందరిదీ అంటే అర్థమేందో తెలుసా? నీది కాదని."

అందరికీ ఇది నచ్చిందని చెప్పను. నడికుడిలో రైలెక్కి, దిగి బస్సు పట్టుకుని వచ్చే ఒక అమ్మాయికి ఎప్పుడూ చివరి చోటే దక్కేది. క్యాంపస్ హాస్టల్ పిల్లలు తెల్లారకముందే చెప్పులు పెట్టేవాళ్లు. ఇదేం న్యాయమని ఆ అమ్మాయి అడిగితే మేడం "రైలు నా చేతిలో లేదమ్మా" అంది. అంతే. ఆ జవాబు నాకప్పుడు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

నా సంగతికి వస్తాను. నేను పని చేసింది మిరప చేలల్లో మందు కొట్టే వాళ్ల రక్తం మీద. ఏళ్ల తరబడి మందు పీలిస్తే తెల్లకణాలకు ఏమవుతుందన్నది ప్రశ్న. మా ఊరి చుట్టుపక్కల వాళ్లను బాబాయ్, మామయ్య, అన్నయ్య అని బతిమాలి రక్తం ఇప్పించుకున్నాను. మందు కొట్టే రోజులు అయిపోతున్నాయి, నా ఫెలోషిప్పూ ఆ ఎండాకాలంతో ఆఖరు. చివరి విడత రక్తం ఇస్తూ మా మామయ్య చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇదే ఆఖరమ్మాయ్. ఇంకోసారి సూదంటే మా వాళ్లెవరూ రారు" అన్నాడు. కణాలు బతికి ఉండగానే చూడాలి. అంటే ఆ పూటే. సాయంత్రానికి అవి పనికిరావు, నా థీసిస్ కూడా పనికిరాదు.

ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బయలుదేరితే సత్తెనపల్లి దాటాక బస్సు ఆగిపోయింది. నేను వరండాలోకి వచ్చేసరికి మధ్యాహ్నం. వరస పొడుగ్గా ఉంది. లోపల గదిలో మేడం ఉంది. తలుపు దగ్గర మొదటి జత ఆవిడదే, అది రోజూ ఎక్కడో ఒక చోట ఉండేదే కాబట్టి పట్టించుకోలేదు. దాని తర్వాత ప్రొఫెసరు గారివి. ఆ వెనక మా వాళ్లవి.

తలుపు తోసి "మేడం, నా శాంపిళ్లు బతికున్నవి. సాయంత్రం దాకా ఆగవు. ముందు పంపించండి" అన్నాను. 

"నన్నడిగితే నేనేం చేసేది? వంతులు ఆఫీసరు ఇచ్చేయి గాదు, వరసలో ఉన్నోళ్లయి. పోయి వాళ్లనడుగు. అందరూ సరేనంటే రా."

ఆవిడ పద్ధతి అది. వంతు ఇచ్చే హక్కు వంతు ఉన్నవాడికే, ల్యాబ్ నడిపే ఆవిడకు లేదు. వెనక నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాను. హాస్టల్ అబ్బాయి సరేనన్నాడు. బోటనీ అమ్మాయి "నావి ఫిక్స్ చేసినవే, రేపైనా చూడొచ్చు" అంది. నడికుడి అమ్మాయి నా మొహం చూసి తలూపింది. ఆఖర్న ప్రొఫెసరు గారి ముందు నిలబడ్డాను.

"లేదమ్మా. సాయంత్రం హైదరాబాద్ నుంచి కమిటీ వస్తంది. నా శాంపిళ్ల గొట్టాలన్నీ నడవాల, పొద్దుపోద్ది" అన్నారు. మొరటుగా అనలేదు. ఆయన అవసరం ఆయనది. "రూలు మీ మేడం పెట్టిందే గదా. నా ఎనక రా, నా ముందు గాదు."

లోపలికి వెళ్లి చెప్పాను. మేడం విని, "ఆయన కాదంటే కాదే" అంది. నేను డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మామయ్య చెయ్యి చూసుకోవటం గుర్తొస్తోంది. ఊరికి పోయి ఏం చెప్పాలో తెలియదు.

మేడం కళ్లద్దాలు తీసింది. తుడవలేదు. చేతిలో పట్టుకుని అడిగింది.

"ఏమే, బయట మొదటి జత ఎవురిదే?"

"మీది మేడం."

"మరి నన్నడిగావా?"

నాకు అర్థం కాలేదు. గడ్డంతో బల్ల వైపు చూపించింది. బల్ల మీద స్టాండులో రక్తం గొట్టాలున్నాయి. అవి ఆవిడవి. ఆవిడకు కూడా ఒక పని ఉందని, పొద్దున్నే వచ్చి చెప్పులు వరసలో పెట్టి తన వంతు కోసం తను కూడా కాచుకుంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. మిషను నడిపే మనిషికి వంతేమిటి? వంటమనిషి కూడా తింటుందన్నది పిల్లలకు గుర్తుండనట్టే. ఆ రక్తం మిర్చి కళ్లాల్లో కాయల తొడిమలు తుంచే, అంటే తొడాలు తీసే ఆడవాళ్లది. రోజంతా ఘాటులో కూర్చుని తుమ్ముతూ దగ్గుతూ ఉంటారు కదా, వాళ్ల రక్తం. ఎవరి ప్రాజెక్టూ లేకుండా, ఒక్కతే, కొన్నేళ్లుగా చేస్తోందట.

"నా వంతు ఇప్పుడే మొదలయింది. నువ్వడిగితే ఇస్తా. అడగందే ఇయ్యను."

"ఇవ్వండి మేడం" అన్నాను.

"ఇది ఉపకారం గాదు, మార్పిడి. రేపు నీకొచ్చే వంతు నాది. బయటకి పోయి అందరికీ వినపడేట్టు చెప్పిరా."

వెళ్లి చెప్పాను. ప్రొఫెసరు గారు తలూపారు. ఆయన ముందున్న వంతు ఎవరు వాడుకుంటే ఆయనకేం?

తిరిగి వచ్చేసరికి మేడం మిషను ముందు కూర్చుని ఉంది. "బల్ల మీద జాగా లేదు, ఆ స్టాండు తీసి కిటికీలో పెట్టు. నీది ఇట్టా తే." పెట్టాను. నా మామయ్యల కణాలు ఒకదాని వెనక ఒకటి తెర మీద చుక్కలుగా వచ్చాయి. ఆ చుక్కలతోనే నా పేరు ముందు డాక్టర్ చేరింది, నరసరావుపేట కాలేజీలో ఉద్యోగం వచ్చింది.

మర్నాడు కథ ఇంకోలా ఉంది. ముందురోజు లెక్కలు సరిచూసుకోవటానికి ఒక్క గంట నాకు అవసరమైంది. పెందలాడే వచ్చి చెప్పులు పెట్టాను. నా వెనక ప్రొఫెసరు గారు, మిగిలిపోయిన గొట్టాలతో. నా వంతు వచ్చింది. మేడం బయటికి వచ్చి, సాక్సు కాలితో నా చెప్పులు పక్కకు జరిపి, తన జత అక్కడ పెట్టింది.

"మేడం, ఒక్క గంటే మేడం..."

"నిన్న ఏమనుకున్నాం?"

లోపలికి పోయి తలుపు వేసుకుంది. నిండా గంట. నేను నాపరాళ్ల మీద కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాను, లోపల ఒళ్లు మండిపోయింది. బోటనీ అమ్మాయి "ఇచ్చినట్టే ఇచ్చి వడ్డీతో వసూలు చేసిందే!" అని నవ్వింది. ఆ తర్వాత కొత్తగా చేరిన వాళ్లకు మేడం గురించి చెప్పేటప్పుడు మేం మొదట చెప్పే కథ ఇదే. మేడం ప్రాణమైనా వదులుతుంది గానీ వంతు వదలదని.

థీసిస్ ఇచ్చాక స్వీటు పట్టుకెళ్లాను. మాటల్లో, "తొడాలు తీసేవాళ్ల పని ఎక్కడిదాకా వచ్చింది మేడం?" అని అడిగాను.

"వరసలో ఉందిలే" అంది. లడ్డూలో జీడిపప్పు ఏరి పక్కన పెట్టి, మిగతాది తింది. జీడిపప్పు ఆవిడకు పడదట.

సంతాప సభకు వెళ్లాను. కామన్ ల్యాబ్ సెమినార్ హాల్లోనే పెట్టారు. బుకింగ్ మళ్లీ కంప్యూటర్‌లోకి వెళ్లిపోయిందట. మిషన్ గదికి వేలిముద్ర తాళం వచ్చింది. వరండాలో చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. మాట్లాడినవాళ్లు ఆవిడ క్రమశిక్షణ గురించి మాట్లాడారు. ఆవిడ భర్త మొదటి వరసలో కూర్చుని నేల చూస్తున్నాడు. నాకు దుఃఖం వచ్చింది గానీ, ఏడుపు రాలేదు. ఆవిడ ముందు ఏడ్వాలంటే అప్పుడూ భయమే.

బయటికి వచ్చాక ప్రొఫెసరు గారు కుప్పలో తన జోళ్లు వెతుక్కుంటూ కనపడ్డారు. రిటైరయ్యారు, వంగటం కష్టంగా ఉంది. నేను వెతికి ఇచ్చాను. మెట్టు మీద కూర్చుని వేసుకుంటూ అన్నారు.

"నీ వంతు లాగేసుకుందని చెప్పుకుంటారే, ఆ రోజు నీ ఎనక ఉంది నేనే గదమ్మా."

"అవునండి."

"తలుపుకి అద్దం ఉంది గదా, చూశా. లోపల గొట్టం లేదు, రక్తం లేదు. సీసాడు నీళ్లు పెట్టి మిషన్లో తిప్పుకుంటా కూర్చుంది. గంట సేపు. చేతులు ఒళ్లో పెట్టుకోని."

"నీళ్లా?"

"నేను అద్దంలో నుంచి చూస్తన్నానని ఆమెకి తెలుసు. ఒకసారి ఇటు చూసింది గూడా. నీకు ఊరికినే ఇచ్చిందని నేననుకుంటే ఊరుకుంటానా? మర్నాడే నా పిల్లల్ని పంపిచ్చి, నాకూ ముందు వంతియ్యమనేవోణ్ణి. నా సంగతి ఆమెకి బాగా తెలుసు." ఒక కాలికి జోడు వేసుకుని రెండోది చేతిలోకి తీసుకున్నారు. "ఎవురికీ చెప్పలేదు నేను. ఏమని చెప్పేది?"

ఆ ఆడవాళ్ల రక్తం ఏమైందని ఆయన అడగలేదు. ఏ రోజు రక్తం ఆ రోజే చూడాలని ఆయనకూ తెలుసు. అంతకు ముందురోజు ఆవిడ స్టాండును బల్ల మీద నుంచి తీసి కిటికీలో పెట్టింది నేనే. అది పడమటి కిటికీ, మధ్యాహ్నమంతా ఎండ పడుతుంది. అక్కడ పెట్టమని చెప్పిన ఆవిడకూ ఆ సంగతి తెలుసు.